నీలం కనబడకపోతే

వెలుతురు తగ్గిందని మా ఇంట్లో మొదట అన్నది మా బాపు. నేను నమ్మలేదు. నమ్మకపోగా కయ్యం పెట్టుకున్నాను. నా నోరు అట్లాంటిది, ఇంటాబయటా అందరికీ తెలుసు.

ముసురు పట్టిన రోజులవి. మందమర్రిలో కార్మికుల కాలనీ అంచున మా ఇల్లు. ఇంటి వెనక రేకుల గదిలో మిరప నారు పెంచి రైతులకు ఇస్తాను. ట్రేలలో కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, నింపి, గుంటకో గింజ వేసి, మొలిచాక కొన్నాళ్లు గదిలో దీపాల కింద ఉంచి, తర్వాత బయట పచ్చ నెట్ కిందికి మారుస్తాను. ముసురుకు ఎండ ఉండదు. ఎండ లేని నారు వెలుతురును వెతుక్కుంటూ సన్నగా, పొడుగ్గా సాగి, మెడ విరిగినట్టు పడిపోతుంది. అందుకే ఆ దీపాలు. పొడుగాటి పట్టీల నిండా ఎర్రవి, నీలంవి చిన్న చిన్న బల్బులు. రెండూ వెలిగితే గదంతా వంగపూత రంగు. మా ఆయన గల్ఫ్‌లో ఆకుకూరలు పెంచే గోదాములో పనిచేస్తాడు. మొదటి రెండు పట్టీలు ఆయన సెలవుకు వచ్చినప్పుడు తెచ్చినవి, మిగతావి కరీంనగర్‌లో నేను కొన్నవి.

ఆ గది పెత్తనమంతా మా బాపుదే. పొద్దున లైట్లు వేయడం, నీళ్లు కొట్టడం, పట్టీల ఎత్తు సరిచేయడం ఆయన పని. ఒకరోజు ట్రేల ముందు నిలబడి కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"బిడ్డా, గీ లైట్లు మసకైనయే. జర కిందికి దించుదాం," అన్నాడు.

"నాకు మంచిగనే కనవడ్తున్నయ్ బాపు. మొన్ననే కదా తెచ్చింది!"

"వెలుతురు సంగతి నువ్వు నాకు చెప్తవా?"

 మా బాపు బాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గుబావిని మా దగ్గర బాయి అంటారు. షిఫ్టు మొదలయ్యే ముందు, మనుషులను పనిలోకి పంపే ముందు, ఆ చోట గ్యాస్ ఉందో లేదో చూసి చెప్పడం సర్దార్ పని. చూడటానికి ఆయన చేతిలో ఉండేది జాలీ కట్టిన ఒక దీపం. దాని వత్తి తగ్గించి తగ్గించి, మంటను గింజంత చేసి, పైకి ఎత్తి పట్టుకోవాలి. గ్యాస్ ఉంటే ఆ మంట నెత్తిన లేత నీలం టోపీ లేస్తుంది. టోపీ ఎంత ఎత్తుంటే అంత గ్యాస్. ఎంత లేత నీలమంటే, వెలుతురులోంచి వచ్చిన కంటికి అది ఆనదు. అందుకని మా బాపు వెంట ఉన్నవాళ్ల నెత్తి మీది లైట్లు బంద్ చేయించి, చీకట్లో అట్లాగే నిలబెట్టేవాడట. "కన్ను పండనియ్యుండ్రి," అనేవాడట. ఎవరైనా తొందరపెడితే తిట్లు తినేవాళ్లు. నాకు నోరు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా!

చిన్నప్పుడు అన్నం తింటూ ఒకసారి ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నీలం కనవడలేదంటే రెండే బిడ్డా. గ్యాస్ లేదన్న కావాలె, కన్ను లేదన్న కావాలె. గా రెండోదే నాకు భయం." ఆయన కన్ను తప్పితే వెనక వచ్చే మనుషులు పోతారు. డ్యూటీ చేసినన్నేళ్లూ ఆ కన్ను తప్పలేదు. మా ఇంట్లో బంగారం లేదు గానీ మా బాపు కళ్లున్నాయి అని మా అవ్వ, అంటే మా అమ్మ, వాడకట్టంతా చెప్పుకునేది.

అలాంటి మనిషి మసకైందంటే లైట్లే మసకై ఉండాలి. అమ్మినవాడు నన్ను ముంచాడని నా ఒళ్లు మండింది. వాడి దగ్గర కొన్న పట్టీలు విప్పి సంచిలో వేసుకుని కరీంనగర్ బస్సెక్కాను. దుకాణంలో అడుగుపెట్టీ పెట్టగానే మొదలుపెట్టాను. ఆ పిలగాడు పాపం ఓపికమంతుడు. నా పట్టీని, కొత్త పట్టీని పక్కపక్కన పెట్టి వెలిగించాడు.

"మీ కండ్లతోనే చూడుండ్రి అక్కా. ఫరక్ ఉన్నదా?"

ఫరక్ లేదు. అయినా ఒప్పుకుంటానా! డబ్బా మీద రాసిన వాట్లు వస్తున్నట్టు లేవని ఎదురు తిరిగాను. వాట్లంటే లైటు తినే కరెంటు అక్కా, ఇచ్చే వెలుతురు కాదు, ఎక్కువ తిన్నదల్లా ఎక్కువ ఇయ్యదు అని నవ్వాడు. ఇంట్లో పనిచేయని మనుషుల లాగన్నమాట. ఆ ఒక్క మాటకు నాకూ నవ్వు వచ్చి, సంచి సర్దుకుని బయటపడ్డాను. రోడ్డు మీద కాలు పెట్టానో లేదో ఎడమ పక్క నుంచి ఒక స్కూటీ మీదికొచ్చి కిర్రుమని ఆగింది.

"సూసుకోని నడువరాదా అమ్మా! ఎదురుంగనే వస్తున్న కద!" అన్నాడు వాడు.

"ఎదురుంగ వస్తే నాకు కనవడకపోవునా? సందుల నుంచి దూరి వచ్చి నన్నంటవా?" అని వాడికీ నాలుగు తగిలించి బస్టాండుకు నడిచాను.

ఇల్లు చేరేసరికి మా బాపు మిగిలిన పట్టీలను జానెడు కిందికి దించి పెట్టాడు. ట్రేల స్టాండు కూడా జరిపినట్టున్నాడు, దాని ఇనుప మూల నా ఎడమ భుజానికి టక్కున తగిలింది. "స్టాండు ఎందుకు జరుపుతవు బాపు, దినాం తగులుతున్నది," అని అరిచాను. "నేను జరుపలే," అన్నాడాయన. అదే సమయానికి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయింది. రేకులు గడగడలాడాయి, నీళ్ల బకెట్‌లో అలలు లేచాయి. మధ్యాహ్నం పూట మాకది మామూలే. 

ఇట్లా కాదని మా బాబాయిని పిలిచాను. బాపుకు వరుసకు తమ్ముడు. బాయిలో కరెంటు పని చేసి రిటైరై, ఇప్పుడు బడులకూ ఆఫీసులకూ వైరింగు పనులు పడుతున్నాడు. ఆయన దగ్గర వెలుతురు కొలిచే మీటరుంది. అరచేతిలో పట్టేంత పెట్టె, దానికి వైరుతో తగిలించిన తెల్లటి బిళ్ల. ఆ బిళ్ల మీద ఎంత వెలుతురు పడితే అంత అంకె చూపిస్తుంది. దాన్ని లక్స్ అంటారట.

"లైటు ఎంత ఇస్తున్నదన్నది వేరే లెక్క, దాని పేరు ల్యూమెన్. నీ ట్రే మీద ఎంత పడ్తున్నదన్నది లక్స్," అని చెప్పాడు బాబాయి. "పైపు నుంచి ఎన్ని నీళ్లొస్తున్నయన్నది ఒకటి, నీ మడిల ఎన్ని పడ్డయన్నది ఇంకోటి. మీటరేమో మడి ముచ్చటే చెప్తది."

ముందు బయట నెట్ కింద కొలిచాడు. ముసురులో కూడా అంకె పెద్దగానే వచ్చింది. లోపలికి వచ్చి, లైట్లను మొదట ఉన్న ఎత్తుకు లేపి, ట్రేల మీద బిళ్ల పెట్టాడు. సగానికి పడిపోయింది.

"తక్కువనే ఉన్నది," అన్నాడు.

"సూసినవా! నేను ఒక్కణ్నే పిచ్చోన్ని గీ ఇంట్ల!" అన్నాడు మా బాపు.

చెబితే నమ్మరు, ఓడిపోయినందుకు నాకు ప్రాణం లేచి వచ్చింది. కరీంనగర్ దుకాణంలో రెండు పట్టీలూ ఒక్కలాగే వెలిగినప్పటి నుంచి లోపల ముల్లులా ఏదో గుచ్చుకుంటోంది. దాన్ని తలుచుకోవడం ఇష్టం లేక అందరి మీదా ఎగిరాను. ఇప్పుడు మీటరే చెప్పింది, తప్పు లైట్లదే, మా బాపు కళ్లు మా బాపు కళ్లే. బాబాయికి చాయ్‌తో పాటు సర్వపిండి కూడా పెట్టించాను. పట్టీలన్నీ నారు నెత్తికి ఆనేంత కిందికి దించేశాం.

ఆ సంతోషం ఎక్కువ నిలవలేదు. ఒక పొద్దున వంటింట్లో మా అవ్వ బియ్యం కడుగుతోంది. చాయ్ పెడదామని బాపు స్టవ్ దగ్గరికి వెళ్లాడు. నేను గడపలో కూర్చుని ట్రేలు తుడుస్తున్నాను. లైటర్ కొట్టిన చప్పుడైంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ.

"గ్యాస్ అయిపోయినట్టున్నది, అంటుకుంటలేదు," అన్నాడు.

తల తిప్పి చూశాను. స్టవ్ వెలుగుతోంది. మొదటిసారికే వెలిగినట్టుంది. నీలం మంట చుట్టూ గుండ్రంగా నిండుగా లేచి ఉంది. ఆ మంట మీదే చేయి పెట్టి, వంగి, మూతి దగ్గరగా తెచ్చి చూస్తున్నాడు మా బాపు.

"ఓయమ్మో, చెయ్యి! చెయ్యి తియ్యి!" అని మా అవ్వ కేక పెట్టింది. అప్పటికి ఆయనకూ సెగ తగిలింది. చేయి లాక్కున్నాడు. వెంట్రుకలు కాలిన వాసన. మా అవ్వ ఆయన చేతిని బియ్యం కడిగిన నీళ్లలో ముంచి తిట్టడం మొదలుపెట్టింది. ఆయన స్టవ్ వైపే చూస్తున్నాడు. దాని నెత్తిన టోపీ కోసం చూస్తున్నట్టు, వెతుకుతున్నట్టు చూశాడు. 

"మోతిబిందు అయ్యుంటది, కంట్లో పొర. తీపిచ్చుకుంటే పోతది, ఎందరికి అయితలేదు!" అంది మా అవ్వ తర్వాత, నాకు ధైర్యం చెబుతున్నట్టు. దవాఖానకు పోదామంటే బాపు వినలేదు. పొద్దున మబ్బుంది, వంటింట్లో వెలుతురు లేదు, అంతే అన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. మీటరు మాట ఇంకా పట్టుకునే ఉన్నాను.

ఈలోగా నారు చెడింది. సాగి పడిపోలేదు, ఆ రోగమైతే నాకు తెలుసు. ఈసారి ఆకులు పైకి ముడుచుకున్నాయి, కొసలు తెల్లబారాయి, సున్నం చల్లినట్టు. వెలుతురు చాలకనే అని బాపు, ఇంకేదో తెగులని నేను. మా వైపు పొలాలు చూడటానికి వచ్చే వ్యవసాయ శాస్త్రవేత్త మేడంను బతిమాలి పిలుచుకొచ్చాను. ఆమె గదిలోకి వచ్చి లైట్లను చూసింది, నారును చూసింది.

"ఇంత కిందికి ఎవరు దింపమన్నరమ్మా?"

"మీటరే చెప్పింది మేడం," అని బాబాయి మా దగ్గరే వదిలి వెళ్లిన పెట్టె చూపించాను.

ఆమె దాన్ని తిప్పి చూసి, తిరిగి నా చేతిలో పెట్టింది. "ఇది మనిషి కన్ను కోసం చేసిన మీటరు. మన కంటికి పసుపు, పచ్చ ఎక్కువ ఆనుతయి. ఎరుపు, నీలం తక్కువ ఆనుతయి. ఇది కూడా మన కన్ను లాగనే లెక్కపెడుతది. మీ లైట్లలో ఉన్నవేమో ఎరుపు, నీలమే. మొక్క ఎక్కువ తినేది కూడా వాటినే. మనకు తక్కువ కనవడ్డంత మాత్రాన మొక్కకు తక్కువ కాదమ్మా."

తన సంచిలోంచి ఇంకో మీటరు తీసింది. వెలుతురు చినుకుల్లాగా పడుతుందనుకోమంది. ఈ మీటరు మన కంటితో పని లేకుండా, మొక్కకు పనికొచ్చే చినుకులు సెకనుకు ఎన్ని పడుతున్నాయో లెక్కపెడుతుందట. అదీ ఒక్క సెకను లెక్క చాలదట, పొద్దంతా కలిపి మొక్క ఎంత తాగిందో చూడాలట. బయట నెట్ కింద కొలిచింది. లోపల పట్టీలను మొదటి ఎత్తుకు లేపి కొలిచింది. రెండూ ఇంచుమించు ఒకటే. మా బాపు మసకైందన్న మొదటి రోజున ఆ గదిలో వెలుతురు నిండుగా ఉంది. ఆ తర్వాత మేము దించిందంతా నారును మాడ్చడమే.

నేను నారు గురించి ఆలోచించడం లేదు. నా చేతిలో ఉన్న ఆ చిన్న పెట్టెను చూస్తున్నాను. మా బాపు మాట నిజమని చెప్పిన ఒకే ఒక్క సాక్షి అది.

"దేనికది కొలుస్తా, ఎరుపు ఒకసారి బంద్ చెయ్యండి," అంది మేడం. ఎరుపుకూ నీలానికీ స్విచ్‌లు వేరు. ఎరుపు ఆర్పాను. గదంతా చిక్కటి నీలమైంది. ట్రేలు, గోడలు, మేడం మొహం, నా చేతులు అన్నీ నీలం. గది ఆ చివర బాపు చేతిలో స్ప్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కరెంటు పోయింది," అన్నాడు.

 మేడం నా వైపు చూసింది.

"పోయినట్టున్నది కదా బిడ్డా?" అని మళ్లీ అడిగాడు. ఈసారి గొంతు చిన్నగా ఉంది. నేను స్విచ్ మీద చేయి అట్లాగే పెట్టి నిలబడ్డాను.  జీవితంలో మొదటిసారి నా నోరు నాకు అక్కరకు రాలేదు. ఆయనే స్ప్రేను తడుముకుంటూ స్టాండు మీద పెట్టి, "రేపు దవాఖానకు పోదాం," అన్నాడు.

కరీంనగర్‌లో కంటి దవాఖాన. మా అవ్వ మోతిబిందు అయి ఉండాలని దారంతా దేవుళ్లకు మొక్కింది. మోతిబిందు ఉందన్నాడు డాక్టరు, పసుపుబారిన ఆ పొర నీలాన్ని మింగేస్తుందట. అవ్వ మొహం వెలిగింది. అయితే దాని వెనక ఇంకోటేదో ఉన్నట్టుంది, చూపు ఎంతవరకు ఉందో కొలవాలన్నాడు. మమ్మల్ని ఒక చీకటి గదికి పంపారు. అక్కడ పెద్ద తెల్లటి గిన్నె లాంటి మిషన్. గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, గిన్నె నడుమ ఉన్న చుక్కనే చూడాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరుస్తుంది. ఒకటి బాగా, ఒకటి మసకగా, ఒకటి ఉందా లేదా అన్నట్టుగా. కనబడ్డప్పుడు చేతిలోని బటన్ నొక్కాలి. ఆ మనిషి కంటికి ఎంత లేత వెలుగు ఆనుతుందో అట్లా కొలుస్తారు.

"జరసేపు చీకట్ల కూసోవాలె తాతా," అంది మిషన్ దగ్గరి అమ్మాయి.

"నాకెర్కే బిడ్డా. కన్ను పండాలె," అన్నాడు మా బాపు. ఆ మాటలో పాత సర్దార్ కనబడ్డాడు. నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

నేను వెనక స్టూల్ మీద ఉన్నాను. వెలుగులు నాకు కనబడవు, చప్పుడే వినబడుతుంది. టిక్. కాసేపటికి టిక్. తర్వాత ఏమీ లేదు. మిషన్ సన్నగా గుయ్యిమంటోంది. నొక్కు బాపూ అని మనసులో మొత్తుకుంటున్నాను. చివరికి ఆయనే తల తిప్పకుండా అడిగాడు.

"మిషన్ బంద్ అయిందా బిడ్డా?"

"లేదు తాతా, నడుస్తున్నది. కనవడ్డప్పుడే నొక్కు."

ఆయన భుజాలు కిందికి జారడం నేను వెనక నుంచి చూశాను.

మిషన్ ఇచ్చిన కాగితం మీద అంచులన్నీ బొగ్గు పూసినట్టు నల్లగా ఉన్నాయి. నడుమ కాస్త తెలుపు మిగిలింది. నీటికాసులు అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం లోపల్లోపల ఎండిపోతుందట. నొప్పుండదు, చీకటిగానూ అనిపించదు. పక్కల నుంచి చూపు పోతూ ఉంటే ఆ ఖాళీని మెదడే ఏదోటి పూసి పూడుస్తుందట. పోయింది పోయినట్టే, తిరిగి రాదు. మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవాలి. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మా బాపు మాత్రం ఒక్కటే అడిగాడు.

"ఎప్పటి సంది సారు? నేను డ్యూటీల ఉన్నప్పటి సందా?"

చెప్పలేమన్నాడు డాక్టరు. బాయిలో ఎన్ని పొద్దులు ఆ దీపం ఎత్తి, టోపీ లేదు, పోండ్రి అన్నాడో మా బాపు. నిజంగానే లేనివెన్నో, కనబడనివెన్నో. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ భయం ఆయనకు ఇక చచ్చేదాకా పోదని నాకు అర్థమైంది.

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఇది రక్తంలో వస్తదమ్మా. మీరు చూపించుకున్నరా?"

"నాకేమైంది సారు? సూదిల దారం ఎక్కిస్త. మిరప గింజను గుంటకొకటి వేస్త. నా కండ్లు మంచిగనే ఉన్నయ్," అన్నాను. గొంతు అవసరం కన్నా పెద్దదయింది.

"కూసో బిడ్డా," అన్నాడు బాపు. "ఒక్కసారి కూసో. నా కోసం."

మళ్లీ అదే చీకటి గది. అవ్వ వరండాలో ఉండిపోయింది. బాపు గోడ పట్టుకుని వచ్చి నా వెనక స్టూల్ మీద కూర్చున్నాడు. కన్ను పండేదాకా చీకట్లో ఆగాం. ముందు కుడి కన్ను. ఆటలాగా ఉంది. ఇక్కడ మెరుపు, నొక్కు. అక్కడ మెరుపు, నొక్కు. నాకు నవ్వు కూడా వచ్చింది. అనవసరంగా పరేషాన్ చేస్తున్నారు అనుకున్నాను.

తర్వాత ఎడమ కన్ను. నడుమ చుక్కను చూస్తూ కూర్చున్నాను. కింద ఒక మెరుపు, నొక్కాను. కుడి పక్క ఒకటి, నొక్కాను. బటన్ మీద బొటనవేలు పెట్టుకుని తర్వాతి దాని కోసం చూస్తున్నాను. రాలేదు. ఇంకాసేపు చూశాను. గిన్నె తెల్లగా, ఖాళీగా ఉంది. నాకు విసుగొచ్చింది.

"ఏమ్మా, మీ మిషన్ బంద్ అయినట్టున్నది," అన్నాను.

 గుయ్యిమనే చప్పుడు వినబడుతూనే ఉంది. వెనక స్టూల్ కదిలింది. ఒక చేయి చీకట్లో తడుముకుంటూ వచ్చి నా ఎడమ భుజం మీద, రోజూ స్టాండు మూల తగిలి కమిలిపోయిన చోటనే ఆగింది.

"బంద్ కాలే బిడ్డా," అన్నాడు మా బాపు. "నడుస్తున్నది."